చేతులెత్తిన 36 మంది గురించి మద్దతుదారులకు ఏమని రాయాలి?

తొలిఅడుగు
నా వయసు 23 సంవత్సరాలు. సువార్త పరిచర్యలో తర్ఫీదు పొందడానికి విదేశంలోని ఒక శిక్షణ పాఠశాలలో చేరి ఐదు నెలలు కావస్తోంది. మొదటి మూడు నెలలు తరగతులు, తరువాతి రెండున్నర నెలలు వేరొక దేశంలో క్షేత్ర పరిచర్య అన్నది ఇక్కడి ఏర్పాటు. ప్రస్తుతం క్షేత్రంలో ఉన్నాను; ఇంకా మూడు వారాలు మిగిలి ఉన్నాయి. పాఠశాల పేరు గానీ దేశం పేరు గానీ చెప్పను, ఎందుకంటే ఎవరినీ బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు.

నెల క్రితం మా బృందం ఒక పల్లెలో బహిరంగ కూటం పెట్టింది. మాటలు లేని నాటిక వేశాం, ఒకరు సాక్ష్యం చెప్పారు, ఒకరు క్లుప్తంగా వాక్యం అందించారు, స్థానిక సోదరుడొకరు అనువదించారు. యేసుప్రభువును అంగీకరించే వారు చేతులెత్తండి అని చివరలో మా నాయకుడు పిలుపునిస్తే 36 చేతులు లేచాయి. మేమందరం ఏడ్చాం. ఆ రాత్రే ఆ అంకె పాఠశాల నివేదికలోకి వెళ్ళింది, నా ఖర్చు భరించే కుటుంబాలకు నేను రాసే ప్రార్థన ఉత్తరంలోకి కూడా వెళ్ళింది. నన్ను పంపిన కుటుంబాల్లో సగానికి పైగా సంతోషంతో జవాబులు రాశాయి.

అయితే నేను బస చేసిన ఇంటి పెద్దావిడ దగ్గర రోజూ సాయంత్రం ఇక్కడి భాష నేర్చుకుంటున్నాను. మొన్న ఆవిడ పక్కన కూర్చుని ఆ కూటం వీడియో చూస్తుండగా అనువాదకుడి మాటలు మొదటిసారిగా నాకు విడివిడిగా వినబడ్డాయి, అనుమానం వచ్చి ఆవిడను అడిగాను. ఆయన అన్నది ఇది: "దూరం నుంచి వచ్చిన ఈ పిల్లలు మీ కోసం ప్రార్థన చేయాలని కోరుకునేవారు చేతులెత్తండి." ఆవిడ నవ్వి, తానూ చేయి ఎత్తాననీ, అది తన మోకాళ్ళ నొప్పి కోసమనీ చెప్పింది.

నాయకుడికి చెప్పాను. ఆ చేతుల వెనుక హృదయాలు దేవునికి తెలుసు, నువ్వు తవ్వకు అన్నారు. వచ్చే వారం మరో ఉత్తరం పంపాలి. అందులో ఏమని రాయను?

మూడోబెంచీ
అన్నిటికంటే ముందు ఒక చిన్న సందేహం తీర్చండి. ఆ పెద్దావిడ మోకాళ్ళ కోసం ఎవరైనా ప్రార్థన చేశారా, లేక ఆవిడ పేరు రక్షింపబడినవారి జీవగ్రంథంలో ఎక్కించేసి తరువాతి పల్లెకు వెళ్ళిపోయారా?

లెక్కలమాస్టారు
నేను పదకొండేళ్ళుగా మా సంఘపు మిషన్ కమిటీలో కోశాధికారిని. మీలాంటి పిల్లలు పంపే ఉత్తరాలు చదివి, ఎవరికి ఎంత పంపాలో పెద్దల ముందు పెట్టేది నేనే. ఉత్తరం రెండో పేరాలో కాదు, పేజీ చివర చిన్న అక్షరాల్లో కాదు, మొదటి వాక్యంలోనే అంకెను సరిదిద్దండి. "పోయిన ఉత్తరంలో నేను రాసిన సంఖ్య తప్పు, అది ఎలా తప్పో నాకు ఇప్పుడు తెలిసింది" అని మొదలుపెడితే చదివేవారు మిగతా ఉత్తరాన్ని కూడా నమ్ముతారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఒకే పల్లెకు వెళ్ళిన మూడు బృందాలు మాకు వేర్వేరుగా పంపిన అంకెలను నేనొకసారి సరదాకు కూడి చూశాను. ఆ మొత్తం పల్లె జనాభాను దాటింది. ఆ రోజు నుంచి ఉత్తరంలో అంకె కనబడితే నా కళ్ళజోడు తుడుచుకుంటాను.

సువార్తజ్వాల
మాస్టారు గారి వేళాకోళం నాకు నచ్చలేదు. చేతులెత్తిన 36 మందిలో ఒక్కరైనా నిజంగా విశ్వసించలేదని మీలో ఎవరు చెప్పగలరు? దేవుని నోటి నుంచి వెళ్ళిన వాక్యం నిష్ఫలంగా తిరిగి రాదని యెషయా 55:11 చెబుతోంది. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో లూకా కూడా మూడు వేల మంది అని లెక్క రాశాడు గదా. అంకె రాయడం పాపమైతే ఆ పాపం అపొస్తలుల కాలం నుంచే ఉన్నట్టు. సోదరీ, అపవాది నీలో వేస్తున్న సందేహాన్ని నీ మద్దతుదారుల హృదయాల్లో కూడా నాటకు.

లెక్కలమాస్టారు
లూకా లెక్క రాసిన మాట నిజమే, కానీ ఆయన లెక్కించినది బాప్తిస్మం పొంది సంఘంలో చేరిన వారిని. ఆ తరువాతి వచనంలోనే వారు బోధలోనూ సహవాసంలోనూ ఎడతెగక ఉన్నారని కూడా రాశాడు. లేచిన చేతుల లెక్క ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

మూడోబెంచీ
యోహాను ఆరో అధ్యాయాన్ని కూడా మరచిపోకండి. రొట్టెలు తిన్న పురుషులు ఐదు వేల మంది అని అంకె ఉంది. అదే అధ్యాయం చివరికి వచ్చేసరికి అనేకులు వెనుకకు వెళ్ళిపోయారు. మన ప్రార్థన ఉత్తరాలు సాధారణంగా ఆ అధ్యాయం మొదటి సగం దగ్గరే ముగుస్తాయి.

సందేహి_తోమా
నేను ఇటువంటి శిక్షణ నుంచే రెండో నెలలో వెళ్ళిపోయిన మనిషిని కనుక నా మాటను ఆ మేరకు తగ్గించి వినండి. ఇది ఒక అనువాదకుడి పొరపాటు అని అందరూ అనుకుంటున్నారు. నాకైతే ఏర్పాటులోనే లోపం కనబడుతోంది. ఇటువంటి సంస్థల్లో చాలా వాటిలో సిబ్బందికి జీతం ఉండదు, విద్యార్థి రుసుము కట్టుకోవాలి, క్షేత్ర పరిచర్య ఖర్చు గడువులోగా జమ కాకపోతే బృందంతో వెళ్ళనివ్వరు. ఆ డబ్బంతా ఉత్తరాల మీద ఆధారపడి వస్తుంది. పదాతి సైనికుడి నుంచి సేనాని దాకా అందరి పోషణా ఉత్తరం మీదే నడుస్తున్నప్పుడు, ఆ ఉత్తరంలో "ఈ నెల నేను క్రియాపదాలు నేర్చుకున్నాను" అని రాసే ధైర్యం ఎవరికి ఉంటుంది?

నేను చదివిన చోట మేము రాసుకునే ఆత్మీయ దినచర్య పుస్తకాలను ప్రతి వారం నాయకులు చదివి సంతకం చేసేవారు. రెండో వారానికే నేను నా దినచర్యను వారి కోసం రాయడం మొదలుపెట్టాను. దేవునితో మాట్లాడుతున్నానో పరీక్షాధికారితో మాట్లాడుతున్నానో తెలియని స్థితి వచ్చాక వెళ్ళిపోయాను.

సువార్తజ్వాల
నాగటి మీద చేయి పెట్టి వెనుకకు చూసేవాడు దేవుని రాజ్యానికి పాత్రుడు కాడని ప్రభువు అన్న మాటను తోమా గారికి గుర్తు చేయనవసరం లేదనుకుంటాను.

పాతఓడ
జ్వాల గారూ, సువార్త ప్రయాణం మధ్యలో పెర్గే అనే ఊరి దగ్గర అపొస్తలుడైన పౌలును విడిచి ఇంటికి తిరిగి వెళ్ళిపోయిన కుర్రవాడు మార్కు. అతని కారణంగా పౌలూ, తోటి సేవకుడు బర్నబా తగవులాడి విడిపోయారు. అదే పౌలు చివరి రోజుల్లో "మార్కును వెంటబెట్టుకొని రా, అతడు నాకు ప్రయోజనకరమైనవాడు" అని రాశాడు. కాబట్టి మధ్యలో వెళ్ళిపోయిన వాళ్ళ ఖాతాను మనం తొందరపడి మూసేయకూడదు.

నా అనుభవం వేరే రకమైనది. డౌలోస్ అనే మిషన్ ఓడలో రెండేళ్ళు స్వచ్ఛంద సేవకుడిగా పనిచేశాను. 1914లో కట్టిన ఓడ అది, టైటానిక్ మునిగిన రెండేళ్ళకు పుట్టింది. రేవులో లంగరు వేయగానే జనం పుస్తకాల ప్రదర్శన చూడటానికి మెట్లెక్కి వచ్చేవారు, మెట్ల దగ్గర మాలో ఒకడు చిన్న మీట నొక్కుతూ వారిని లెక్కపెట్టేవాడు. ఒకసారి ఒక చిన్నపిల్లాడు ఆ మీట చప్పుడు బాగుందని నాలుగుసార్లు ఎక్కి దిగాడు, నాలుగుసార్లూ లెక్కలో పడ్డాడు. అయినా ఆ అంకెలో అబద్ధం లేదు, ఎందుకంటే అది ఎన్నిసార్లు మెట్లెక్కారన్న లెక్కే తప్ప ఎందరు మారారన్న లెక్క కాదు. నేనుండేది ఇంజను గదిలో. రెండేళ్ళ పాటు నా ఉత్తరాల నిండా పంపులు, కవాటాలు, జిడ్డు గుడ్డలే ఉండేవి. నన్ను పోషించినవారిలో ఒక్కరు కూడా ఆ కారణంగా మానలేదు. ఒక పెద్దాయన మాత్రం కవాటం బొమ్మ గీసి పంపమని అడిగాడు.

విశ్రాంత_సేవకుడు
తోమా లేవనెత్తిన పోషణ ప్రశ్న కొత్తది కాదు బాబూ. హడ్సన్ టేలర్ అనే ఆంగ్ల మిషనరీ 1865లో చైనా ఇన్లాండ్ మిషన్‌ను స్థాపించినప్పుడు ఎవరికీ స్థిర జీతం వాగ్దానం చేయలేదు, అదే సమయంలో డబ్బు కోసం మనుషులను అడగరాదనీ అప్పు చేయరాదనీ కట్టడి కూడా పెట్టుకున్నారు. ఈ రోజు చాలా సంస్థలు మొదటి సగాన్ని అంటే జీతం లేకపోవడాన్ని ఉంచుకున్నాయి, రెండో సగాన్ని వదిలేశాయి. 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ ప్రారంభించిన యూత్ విత్ ఎ మిషన్ అనే సంస్థలో కూడా పనిచేసేవారు తమ పోషణను తామే సమకూర్చుకుంటారు. ఈ పద్ధతిలో దోషం ఉందని నేననను, కానీ యువకుడి మీద పడే ఒత్తిడిని అతని నాయకులు ఒప్పుకోవాలి.

మొదటి ఫలం గురించి కూడా చెప్పనివ్వండి. ఆంగ్ల మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్ చేరారు. మొదటి హిందూ విశ్వాసికి బాప్తిస్మం ఇచ్చింది 1800 డిసెంబరులో. ఏడేళ్ళు. అమెరికా మిషనరీ అడోనిరామ్ జడ్సన్ 1813లో రంగూన్ చేరితే మొదటి బర్మా విశ్వాసి 1819లో దొరికాడు. ఈ ఏళ్ళన్నిటా వారు పంపిన ఉత్తరాల్లో ఎన్ని చేతులు లేచాయని రాసి ఉంటారు?

కేరీ బాప్తిస్మమిచ్చిన ఆ మొదటి మనిషి కృష్ణపాల్ అనే వడ్రంగి. అతడు మిషనరీల దగ్గరకు వచ్చింది భుజం కీలు తప్పినందుకు. వైద్యుడైన జాన్ థామస్ ఆ కీలును సరిచేశారు, మాటలు అక్కడ మొదలయ్యాయి. మోకాలి నొప్పి కోసం చేయి ఎత్తిన ఆవిడను తక్కువగా చూడవద్దు.

రాత్రిడ్యూటీ
పెద్దలు చెప్పినదానికి ఎదురు చెబుతున్నందుకు క్షమించాలి, కానీ కేరీ ఏడేళ్ళ ఓపికను పొగిడే ప్రతిసారీ ఆయన భార్య డరోతీ పేరు ఎందుకు రాదు? 1794లో ఐదేళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు, ఆవిడకు మతి చలించింది, 1807లో చనిపోయే వరకు చాలా కాలం గదిలోనే గడిపింది. ఉత్తరాల్లో అంకె లేకపోవడం గొప్పే కావచ్చు, ఆ అంకె లేని ఏళ్ళ బరువును మోసింది మాత్రం ప్రయాణానికే మొదట ఒప్పుకోని మనిషి. నేను నర్సుగా క్షేత్రంలో రెండేళ్ళు ఉండి వచ్చాను. శిక్షణలో మాకు హతసాక్షుల గురించి చెప్పారు, నిద్ర పట్టని రాత్రుల గురించి చెప్పలేదు.

విశ్రాంత_సేవకుడు
నిజమే తల్లీ. ఆవిడ పేరు చెప్పకపోవడం నా తప్పు. నా భార్య ఇది చదివి ఉంటే ఈపాటికి నీకంటే ముందే చెప్పేది.

గుడారపుదారం
నాకు ఈ సమస్యకు మూలం ఉత్తరంలోనే కనబడుతోంది కాబట్టి ఉత్తరమే అవసరం లేని దారిని సూచిస్తాను. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. నేను నిర్మాణ సంస్థల్లో నక్షాలు గీసే ఉద్యోగం చేస్తూ మూడు దేశాల్లో ఉన్నాను. నా జీతం నేను తెచ్చుకుంటాను, అందువల్ల నా పల్లెలో ఎన్ని చేతులు లేచాయో ఎవరికీ చెప్పనవసరం లేదు.

ఒక ప్రశ్న కూడా ఉంది. మీ బృందం ఆ దేశంలోకి ఏ వీసా మీద ప్రవేశించింది? పర్యాటకులమని రాసి బహిరంగ కూటాలు పెట్టేవారు చాలామంది ఉన్నారు. కొన్ని దేశాలు మత సేవకుల కోసమే వేరు వీసా పెట్టాయి. అమెరికాలో ఆర్-1 అనేది అటువంటిదే, దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్ళు ఆ మతశాఖలో సభ్యత్వం ఉండాలని దాని నిబంధన. ఫారంలో ఒక అబద్ధంతో మొదలైన పరిచర్య నివేదికలో ఇంకో అబద్ధం దగ్గర ఆగడం నాకు వింతగా లేదు.

తొలిఅడుగు
వీసా విషయంలో మీరు వేసిన ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ ఫారాలను పాఠశాల కార్యాలయమే నింపింది, మేము సంతకాలు చేశాం. ప్రయాణ ఉద్దేశం అన్న గడిలో ఏముందో చదవకుండానే సంతకం చేశానని ఒప్పుకుంటున్నాను. అడిగాను, ఇంకా జవాబు రాలేదు.

జ్వాల గారికి: నాకు వచ్చిన సందేహం ఆ 36 మంది విశ్వాసం గురించి కాదు, నా వాక్యం గురించి. "36 మంది ప్రభువును అంగీకరించారు" అని రాసింది నేను. అది నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాశాను.

మనసులో ఉన్న మరో మాట కూడా చెప్పేస్తాను. నాకు అందరికంటే ఆ అనువాదకుడి మీద కోపంగా ఉంది. మమ్మల్ని ఇంత మందిని నమ్మించి మోసం చేశాడనిపిస్తోంది.

భాషాబంధువు
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, అనువాదకుడి మాట వచ్చింది గనుక మాట్లాడాలి. అమ్మాయీ, నేను అలా అనువదించినవాడినే. బైబిలు అనువాద పనిలోకి రాకముందు ఆరేళ్ళ పాటు, మా ప్రాంతానికి వచ్చే విదేశీ బృందాలకు దుబాసీగా ఉన్నాను. నువ్వు రాసిన వాక్యాన్ని దాదాపు అవే మాటల్లో కనీసం ఇరవైసార్లు పలికి ఉంటాను.

ఎందుకో చెబుతాను. "యేసును అంగీకరించండి" అన్న మాట మనకు పుట్టినప్పటి నుంచీ వినబడుతుంది కాబట్టి అది మామూలు మాట అనుకుంటాం. చాలా భాషల్లో ఒక మనిషిని అంగీకరించడం అంటే ఇంటికి వచ్చినవాణ్ణి లోపలికి రానివ్వడం, లేదా పెళ్ళి సంబంధానికి ఒప్పుకోవడం. అలాగే అనువదిస్తే జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. సరిగా అనువదించాలంటే అరగంట వివరించాలి, వేదిక మీద ఉన్న అతిథి మాత్రం నాలుగు క్షణాలు ఆగి నా వైపు చూస్తాడు. పైగా ఆ మైదానంలో కూటానికి అనుమతి ఇచ్చిన గ్రామ పెద్ద ముందు వరుసలో కూర్చుని ఉంటాడు. అతిథుల పిలుపుకు ఒక్క చేయి కూడా లేవకపోతే అతిథులకు అవమానం, వారిని తెచ్చిన నాకు అవమానం. మత మార్పిడికి అందరూ చేతులెత్తినట్టు మాట బయటికి పోతే మరునాడు ఠాణాకు వెళ్ళేది నేను. మీరు బస్సెక్కి వెళ్ళిపోతారు. నేను అదే వీధిలో ఉంటాను.

ఇది సమర్థన కాదు, నేను చేసింది తప్పే. కానీ ఆ తప్పులోకి నన్ను నెట్టినవారు ఎప్పుడైనా కూటానికి ముందు నన్ను కూర్చోబెట్టి, ఈ మాటను మీ భాషలో ఎలా అంటారు, ఈ పిలుపు ఇక్కడ ఇవ్వవచ్చా అని అడిగి ఉంటే బాగుండేది. ఆరేళ్ళలో ఒక్క బృందం అడిగింది.

ఒక ప్రశ్న: నువ్వు పంపిన ఉత్తరంలో ఆ సోదరుడి పేరు ఉందా?

తొలిఅడుగు
లేదు. "స్థానిక అనువాదకుడు" అని కూడా రాయలేదు. ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. అందులో మా నాయకుడి పేరు, నాటికలో వేషం వేసిన ఐదుగురి పేర్లు ఉన్నాయి.

విశ్రాంత_సేవకుడు
1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియా నుంచి వచ్చినవారు అతి కొద్దిమంది. మిషనరీల తర్ఫీదు ఎలా ఉండాలన్న దాని మీద ఆ సభలో ఒక ఉపసంఘమే ఉండేది. కానీ ఆ సభ పేరు చెప్పగానే నాకు గుర్తుకు వచ్చేది ఆ ఉపసంఘపు నివేదిక కాదు, ఆ కొద్దిమందిలో ఒకరైన వి.ఎస్. అజరయ్య ప్రసంగం. ఆయన తరువాత 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు. మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెప్పి, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని ఆయన ఆ పెద్దల ముందే అడిగారు. కొందరికి ఆ మాట గుచ్చుకుంది. భాషాబంధువు గారి ప్రశ్న చదివినప్పుడు అదే గుర్తుకు వచ్చింది.

సువార్తజ్వాల
భాషాబంధువు గారు చెప్పింది నేను ఆలోచించని కోణం. ఆ పరిస్థితిలో అంకె రాయకూడదని ఒప్పుకుంటాను. అయినా పెద్ద సంఖ్య వినబడగానే అనుమానించే అలవాటు కూడా మంచిది కాదని నా అభిప్రాయం. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది కూడా దుబాసీ మాయేనా?

లెక్కలమాస్టారు
మీరే మంచి ఉదాహరణ ఇచ్చారు. ఆ రోజుకు ముందు ఏం జరిగిందో చూడండి. కరవు కాలంలో అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించారు. బాప్తిస్మం కావాలని జనం వస్తుంటే, కూలి కోసం, తిండి కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సహాయ పనులు ముగిశాక కూడా వారు రావడం మానకపోతే అప్పుడు ఇచ్చారు. పెద్ద అంకె వేయగల అవకాశం చేతిలో ఉండి కూడా పదిహేను నెలల పాటు సున్నా వేసిన మనిషి గనుక ఆయన 2,222 అంటే నేను నమ్ముతాను.

మూడోబెంచీ
మాస్టారు కళ్ళజోడు తుడుచుకోకుండా ఒప్పుకున్న మొదటి అంకె ఇదే అయి ఉంటుంది.

రాత్రిడ్యూటీ
చెల్లెమ్మా, ఉత్తరం విషయంలో అందరూ చెప్పారు కాబట్టి నీ గురించి మాట్లాడతాను. 1950లలో కలెర్వో ఒబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త పరాయి సంస్కృతిలో ఉండేవారికి కలిగే దిగ్భ్రమను దశలుగా వివరించారు. మొదట అంతా అద్భుతంగా కనబడుతుంది, తరువాత అంతా మోసంగా కనబడుతుంది, ఆ తరువాత మెల్లగా మనుషులు మనుషులుగా కనబడతారు. నువ్వు ఇప్పుడు రెండో దశలో ఉన్నావని నా ఊహ. అనువాదకుడి మీద కోపం, పాఠశాల మీద కోపం, నీ మీద నీకు కోపం. ఉత్తరం రాసి రెండు రాత్రులు నీ దగ్గరే ఉంచుకుని, అప్పుడు పంపు.

తిరిగి వెళ్ళాక ఇంతకంటే కష్టంగా ఉంటుంది. వేదిక మీద నిలబెట్టి ఐదు నిమిషాల్లో సాక్ష్యం చెప్పమంటారు, ఎంతమంది రక్షింపబడ్డారు అని అడుగుతారు. ఏమీ దాచుకోకుండా వినే ఒక మనిషిని ఇప్పుడే చూసి పెట్టుకో. నాకు అటువంటి మనిషి దొరకడానికి ఏడాదిన్నర పట్టింది.

ఎమీ కార్మైకేల్ అనే మిషనరీ కథ కూడా నీకు పనికి వస్తుంది. 1893లో జపాను వెళ్ళి ఏడాది దాటగానే ఆరోగ్యం చెడి వెనుదిరిగింది. 1895లో భారతదేశం వచ్చి 1951లో చనిపోయేవరకు తిరిగి వెళ్ళలేదు. దక్షిణ భారతం నుంచి ఆమె రాసిన పుస్తకం చేతిప్రతి నిరుత్సాహకరంగా ఉందనీ, మరింత ఆశాజనకంగా మార్చాలనీ స్వదేశంలోని కమిటీ తిప్పి పంపింది. ఆమె మార్చలేదు. 1903లో అది అలాగే అచ్చయింది.

సందేహి_తోమా
ఆ కమిటీలో మాస్టారు లాంటివారు లేకపోవడం ఆమె దురదృష్టం.

తొలిఅడుగు
ఐదు రోజులయ్యింది. ఉత్తరం రాశాను, రాత్రిడ్యూటీ అక్క చెప్పినట్టు రెండు రాత్రులు ఉంచాను, ఈ ఉదయం పంపాను. మొదటి భాగం ఇక్కడ పెడుతున్నాను.

"పోయిన నెల ఉత్తరంలో 36 మంది ప్రభువును అంగీకరించారని రాశాను. అది నాకు తెలియకుండానే రాసిన మాట. మా పిలుపు వారి భాషలోకి ఆ విధంగా వెళ్ళలేదనీ, మేము వారి కోసం ప్రార్థన చేయాలని కోరినవారే చేతులెత్తారనీ తరువాత తెలిసింది. అలా మారడానికి కారణం అనువదించిన సోదరుడి మోసం కాదు, ఆయనను సంప్రదించకుండా మేము పిలుపునివ్వడం. ఈ నెల నేను కూటాలలో మాట్లాడలేదు. రోజుకు రెండు గంటలు భాష నేర్చుకున్నాను, వంటగది కడిగాను, ఒక వృద్ధురాలి దగ్గర వినడం నేర్చుకుంటున్నాను. ఈ ఉత్తరం చదివి మీ మద్దతును ఆపాలనుకుంటే నేను నొచ్చుకోను."

పంపే ముందు మా నాయకుడికి చూపించాను. చాలాసేపు మౌనంగా ఉండి, పాఠశాల నివేదికను మార్చే అధికారం తనకు లేదన్నారు. ఉత్తరాన్ని ఆపలేదు. ఇప్పటికి ఒక కుటుంబం ఆపింది; పంపి ఆరు గంటలే అయింది కాబట్టి ఇది కూడా పూర్తి లెక్క కాదు.

అనువాదకుడి ఇంటికి కూడా వెళ్ళాను. కోపం చూపించాలని బయలుదేరి, తలుపు దగ్గరకు వచ్చేసరికి క్షమాపణ అడగాల్సి వచ్చింది. ఆయన పేరును ఉత్తరంలో రాయనా అని అడిగితే వద్దన్నారు, అది తనకు క్షేమం కాదన్నారు. ఆ సంగతి కూడా అడిగితేనే తెలిసింది.

గుడారపుదారం
వీసా?

తొలిఅడుగు
పర్యాటకులమనే రాశారు. మిగిలిన రెండు వారాల్లో నేను బహిరంగ కూటాల్లో పాల్గొననని చెప్పాను. బృందంలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు, ఒకరు నాతో కలిసి భాష నేర్చుకోవడానికి వస్తున్నారు.

సువార్తజ్వాల
నేను ఆ కుటుంబం స్థానంలో ఉంటే ఆపేవాడినేమో, అబద్ధమాడను. రేపు మళ్ళీ మొదలుపెట్టేవాడిని కూడా.

మూడోబెంచీ
అందరి ప్రశ్నలకూ జవాబులు వచ్చాయి. మొట్టమొదట అడిగిన నా ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

తొలిఅడుగు
మీ ప్రశ్నను మరచిపోలేదు. ఆ రోజు ఎవరూ చేయలేదు. చేయి ఎత్తిన వారిలో ఏ ఒక్కరినీ ఎందుకోసం అని మేము అడగనే లేదు.

నిన్న సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని, నాకు వచ్చిన నాలుగు మాటల్లో నేనే చేశాను. ఈ మోకాళ్ళను బాగుచేయి ప్రభువా అనబోయి, ఈ మోకాళ్ళను వంచేయి ప్రభువా అన్నానట. ఆవిడ గబుక్కున కళ్ళు తెరిచి, నా క్రియాపదాన్ని సరిదిద్ది, దేవుడు మొదటిది వినేసేలోపు మళ్ళీ సరిగ్గా చెప్పమని తొందరపెట్టింది.